మాస్టారి గదిలో నాలుగు స్టీల్ గిటార్లు: వాటిలో మీకేది?

కొత్తగా వచ్చినవాళ్ళు "ఏ గిటార్ కొనమంటారు మాస్టారూ?" అని అడిగితే మా మాస్టారు గిటార్ పేరు చెప్పేవారు కాదు. చొక్కా జేబులోంచి ఉక్కు బార్ తీసి వాళ్ళ ఎడమచేతిలో పెట్టి, "ముందు దీన్ని పట్టుకుని ఓ పది నిమిషాలు కూర్చో" అనేవారు. వేలెడు పొడవున్న గుండ్రటి కడ్డీ అది. ఒక చివర తూటా ముక్కులా నున్నగా ఉంటుంది. చూపుకి చిన్నదే, చేతిలోకి వచ్చాక బరువు తెలుస్తుంది. చెయ్యి చెమట పట్టగానే జారడం మొదలెడుతుంది. అది గచ్చు మీద పడ్డ చప్పుడు ఆ ఇంట్లో అందరికీ అలవాటే. పది నిమిషాలయ్యాక ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇప్పుడు చెప్పు. నీ చెవిలో ఏ పాట తిరుగుతోంది?"

ఆ ప్రశ్నకి జవాబు తెలియకుండానే నేనొక గిటార్ కొనేశాను. ఆ సంగతి కింద చెప్తాను.

మాస్టారు పోయాక ఆయన వాయిద్యాలు తుడిచి, తీగలు మార్చి, పెట్టెల్లో సర్దే పని నా మీద పడింది. ఒళ్ళో పెట్టుకుని వాయించే ఆరు తీగల బేకలైట్ (తొలినాటి గట్టి ప్లాస్టిక్) ల్యాప్ స్టీల్, ఎనిమిది తీగల చెక్క గిటార్, చదరపు మెడ ఉన్న రెజొనేటర్, పది తీగల పెడల్ స్టీల్. వారం రోజులు వాటి మధ్యే కూర్చున్నాను. ఏది ఎందుకు కొన్నారు, ఎవరికి ఏది నేర్పారు, దేన్ని ఎవరి చేతా ముట్టుకోనివ్వలేదు, అన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. ఇప్పుడు నన్ను ఇదే ప్రశ్న అడిగేవాళ్ళకి నాకు తెలిసిన జవాబు ఆ గదిలోదే.

ముందు ఒక అపోహ తీర్చేయాలి. స్టీల్ గిటార్ అంటే ఉక్కు తీగలున్న గిటార్ కాదు. ఉక్కు ఉండేది చేతిలో. తీగల్ని వేళ్ళతో మెట్ల మీద అదమరు, వాటి మీద బార్ పెట్టి జరుపుతారు. తీగలు మెట్లకి బాగా ఎత్తులో ఉంటాయి కాబట్టి మెట్లు పేరుకి గీతలే, స్వరం ఎక్కడుందో చూపడానికి తప్ప పనికిరావు. 1874లో పుట్టిన జోసెఫ్ కెకుకు అనే హవాయి కుర్రాడు కనిపెట్టిన పద్ధతి ఇదని ఎక్కువమంది ఒప్పుకుంటారు. మనకి గోటువాద్యం తెలుసు కాబట్టి ఇందులో వింతేమీ తోచదు. మెట్లు లేని వీణ మీద కర్రముక్క జరుపుతూ గమకాలు పలికించడం మన చెవికి పాతదే. బార్‌తో వాయిస్తే రెండు స్వరాల మధ్య ఉన్న దారంతా వినిపిస్తుంది. ఈ వాయిద్యం అందమూ అదే, నరకమూ అదే. మామూలు గిటార్‌లో వేలు మెట్టుకి కొంచెం వెనక పడినా స్వరం సరిగ్గానే వస్తుంది. ఇక్కడ బార్ సరిగ్గా గీత నెత్తిమీదే ఉండాలి. తల పక్కకి వంచి చూస్తే గీత ఒకచోట, బార్ ఒకచోట ఉన్నట్టు కనిపిస్తుంది. "కళ్ళతో కాదు, చెవితో ఆపు" అని మాస్టారు గీతల మీద తువ్వాలు కప్పేసేవారు.

ఆరు తీగల ల్యాప్ స్టీల్

మాస్టారు పాఠం చెప్పడానికి ఎప్పుడూ ఇదే తీసేవారు. నల్లగా, పొట్టిగా, పలక మీద మెడ అతికించినట్టుంటుంది. కరెంటు గిటార్లలో అమ్మకానికి వచ్చిన తొలి తరం ఈ కుటుంబానిదే. రికెన్‌బ్యాకర్ కంపెనీ 1932లో అల్యూమినియం పోతపోసిన ల్యాప్ స్టీల్ తెచ్చింది. గుండ్రటి పళ్ళానికి పొడుగాటి కాడలా ఉండేసరికి జనం దాన్ని వేపుడు పెనం అన్నారు. స్టేజి దీపాల వేడికి లోహం వ్యాకోచించి శ్రుతి తప్పేది. 1935లో బేకలైట్‌కి మారడానికి ఆ బాధ ఒక కారణం. తీగ కదలికని కరెంటుగా మార్చే పికప్ కూడా వీటిలో వేరే రకం. గుర్రపు నాడా ఆకారంలో ఉన్న అయస్కాంతాలు తీగల పైనుంచి వంగి ఉంటాయి, తీగలు వాటి మధ్యలోంచి వెళ్తాయి. కుడిచెయ్యి ఆనించే చోటికి అవి కాస్త అడ్డమే. ఆ నాదం విన్నాక ఆ అడ్డాన్ని ఎవరూ తప్పు పట్టరు.

ఇందులో ఎన్నుకోవలసినవి రెండు: శ్రుతి, తీగ పొడవు.

ఓపెన్ డి శ్రుతిలో మంద్రం నుంచి తారకి డి, ఎ, డి, ఎఫ్ షార్ప్, ఎ, డి (పాశ్చాత్య స్వరాల పేర్లు) ఉంటాయి. బార్ ఎక్కడ పెట్టి ఆరు తీగలూ మీటినా మేజర్ కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) మోగుతుంది. బ్లూస్, భజన, జానపదం వాయించాలనుకునేవాళ్ళకి ఇది చాలు. మొదటిరోజే పాటలా వినిపిస్తుంది. సి6 శ్రుతిలో సి, ఇ, జి, ఎ, సి, ఇ. ఇక్కడ కొంచెం ఓపిక కావాలి. తారస్థాయి తీగని ఒకటిగా లెక్కపెడితే, అడుగున ఉన్న 6, 5, 4 తీగలు కలిపి మీటితే సి మేజర్. పైన ఉన్న 3, 2, 1 మీటితే ఎ మైనర్. బార్ కదలదు, వేళ్ళే వేరు. 4, 2, 1 మీటి మధ్యలో 3 వదిలేస్తే మళ్ళీ సి మేజర్. ఆ మూడో తీగని వదలడం నేర్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

ఆరు తీగల్లో దొరకని కార్డులకి బార్ వంచాలి. సి6లో 3, 2 తీగల మధ్య ఉన్నది మైనర్ అంతరం. బార్ ముక్కుని ఒక్క మెట్టు ముందుకి వాలిస్తే రెండో తీగ అరస్వరం పెరిగి అది మేజర్ అవుతుంది. చెప్పడానికి ఒక్క వాక్యం. చేతికి రావడానికి ఎన్నాళ్ళో నేను చెప్పను, మీరు భయపడిపోతారు. ఇక్కడే తీగ పొడవు సంగతి వస్తుంది. పాత ల్యాప్ స్టీల్స్‌లో మెడ చివర తీగలు ఆనే నట్ నుంచి ఇటు చివర ఆనే బ్రిడ్జ్ దాకా 22.5 అంగుళాలు మామూలు. గీతలు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి బార్ వంపు సులువు. 24 అంగుళాలు దాటినవాటిలో తీగ బిగువుగా ఉంటుంది, నాదం ఎక్కువసేపు నిలుస్తుంది, గీతల మధ్య ఎడం ఎక్కువ కాబట్టి స్వరస్థానంలో చిన్న తప్పులు కాస్త కలిసిపోతాయి, కానీ వంచడానికి మణికట్టు ఎక్కువ తిరగాలి. చెయ్యి చిన్నదైతే పొట్టిదే తీసుకోండి. మా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి పొడుగు గిటార్ మీద ఆరు నెలలు వంపు రాక ఏడ్చి, మాస్టారి బేకలైట్ మీద ఒక మధ్యాహ్నంలో పట్టేసింది.

ఇంట్లో పాత మామూలు గిటార్ ఉందా? నట్ మీద తొడిగే ఎత్తు నట్ దొరుకుతుంది. అది పెడితే తీగలు పైకి లేచి దాదాపు ల్యాప్ స్టీల్ అయిపోతుంది. ఈ వాయిద్యం మీకు పడుతుందో లేదో తెలుసుకోవడానికి ఇంతకన్నా తక్కువ ఖర్చు దారి లేదు. ఒక్క జాగ్రత్త. మామూలు శ్రుతి నుంచి ఓపెన్ డికి వెళ్తే ప్రతి తీగా దిగుతుంది, లేదంటే ఉన్నచోటే ఉంటుంది. గిటార్‌కి ప్రమాదం లేదు. ఓపెన్ ఇకి బిగిస్తే మూడు తీగలు పైకెక్కుతాయి, పాత గిటార్ బ్రిడ్జ్ ఊడి చేతికొచ్చే అవకాశం ఉంది. డిలోనే ఉండండి.

ఎనిమిది తీగలది

ఆరు తీగల సి6కి పైన ఒక జి, అడుగున ఒక ఎ చేరిస్తే ఎనిమిది తీగల సి6. అంతే. ఎ మైనర్‌కి మూలస్వరం అడుగున దొరుకుతుంది, రాగం పైన జి దాకా సాగుతుంది. పాత వెస్టర్న్ స్వింగ్, హవాయి పాటలు, నిండైన కార్డులతో మెల్లగా సాగే సినిమా పాటల లాంటివి దీని మీద హాయిగా ఉంటాయి.

కష్టం ఎడమచేతిలో కాదు, కుడిచేతిలో. మీటని తీగలన్నీ నోరు మూసుకుని ఉండాలి, లేకపోతే బార్ జరిపినప్పుడు అన్నీ కలిసి మూలుగుతాయి. అరచెయ్యి అంచుతో ఆపడం ఒక పద్ధతి, పిక్ తొడిగిన వేలితోనే తిరిగి ఆపడం ఇంకొకటి. మాస్టారు మొదటిది నేర్పాకే రెండోదాని పేరెత్తేవారు. ఆరు తీగల మీద ఇది శుభ్రంగా రాకముందే ఎనిమిదికి వెళ్ళేవాళ్ళని ఆయన ఆపేవారు. "ఆరుగురు పిల్లల్ని కూర్చోబెట్టలేనివాడు ఎనిమిది మందిని కంటానంటే ఎలాగోయ్?" అనేవారు. ఈ ఒక్క విషయంలో నేను ఆయనతో పూర్తిగా ఏకీభవించను. మీకు ముందే సితార్ గానీ వీణ గానీ వయొలిన్ గానీ వచ్చి ఉంటే నేరుగా ఎనిమిదే కొనుక్కోండి. చెవి సిద్ధంగా ఉన్నవాళ్ళకి ఆరు తీగలు ఏడాదిలో ఇరుకైపోతాయి.

రెజొనేటర్

దీని గురించి తక్కువే చెప్తాను, నేను వాయించింది తక్కువ. పొట్టలో పల్చటి అల్యూమినియం గిన్నె ఉంటుంది, అదే స్పీకర్ పని చేస్తుంది. ఆంప్లిఫయర్ లేని రోజుల్లో గిటార్ చప్పుడు పెంచడానికి పుట్టిన ఉపాయం ఇది. జాన్ డోపియేరా మూడు గిన్నెల లోహపు గిటార్ 1927లో వచ్చింది, ఆ తర్వాత కొద్దికాలానికే ఒంటి గిన్నెది డోబ్రో పేరుతో వచ్చింది. శ్రుతి సాధారణంగా జి, బి, డి, జి, బి, డి. కరెంటు అక్కర్లేదు, సంచిలో వేసుకుని ఎక్కడికైనా పోవచ్చు, బ్లూగ్రాస్ అనే అమెరికా జానపద శైలి వాయించాలంటే వేరే దారే లేదు. కొనేటప్పుడు మెడ చూడండి. చదరపు మెడ ఉన్నది ఒళ్ళో పెట్టుకుని బార్‌తో వాయించడానికి, గుండ్రటి మెడ ఉన్నది మామూలు గిటార్‌లా నిలబెట్టి పట్టుకోవడానికి. ఫొటోలో రెండూ ఒకేలా ఉంటాయి. మెడ చూడకుండా తెప్పించుకుని తిప్పి పంపిన ఇద్దరు నాకు తెలుసు. దీని బార్ కూడా వేరు. గుండ్రటి కడ్డీ కాకుండా, వేళ్ళు పట్టు దొరకడానికి పక్కల గాడి ఉన్నది వాడతారు. తీగని బార్‌తో తట్టి లేపడం, లాగి వదలడం ఇందులో ఎక్కువ, ఆ చురుకు ఆ బార్‌తోనే వస్తుంది.

పెడల్ స్టీల్

ఇక అసలు కథ. మాస్టారు స్టేజి మీద వాయించింది ఇదే, నేను పడ్డ గొయ్యీ ఇదే.

బార్ వంచి సాధించేదాన్ని యంత్రంతో సాధించాలన్న ఆలోచన పెడల్ స్టీల్. పెడల్ తొక్కితే కింద ఉన్న సన్నటి కడ్డీ లాగుతుంది, ఆ కడ్డీ కుడి చివర ఉన్న మీటని తిప్పుతుంది, తీగ బిగుస్తుంది. మోకాలితో పక్కకి నెట్టే లీవర్లు కొన్ని తీగల్ని బిగిస్తాయి, కొన్నిటిని వదులు చేస్తాయి. మొదట్లో పెడల్స్‌ని ఒక శ్రుతి నుంచి ఇంకో శ్రుతికి మారడానికే వాడేవారు. 1954లో వెబ్ పియర్స్ పాడిన ఒక పాటలో బడ్ ఐజాక్స్ తీగ మోగుతుండగానే పెడల్ తొక్కి, ఒక స్వరం ఇంకో స్వరంలోకి వంగడం శ్రోతలకి వినిపించాడు. దాంతో అప్పటిదాకా పెడల్ లేకుండా వాయిస్తున్నవాళ్ళు తమ గిటార్లకి కడ్డీలు బిగించుకోవడం మొదలుపెట్టారు.

ఇప్పుడు ఎక్కువగా దొరికే పది తీగల శ్రుతి ఇ9. దగ్గర నుంచి చూస్తే దాని తెలివి తెలుస్తుంది. మామూలు అమరికలో ఎ పెడల్ బి తీగల్ని సి షార్ప్‌కి ఎత్తుతుంది, బి పెడల్ జి షార్ప్ తీగల్ని ఎకి ఎత్తుతుంది. మూడో మెట్టు మీద బార్ పెడితే జి మేజర్. అక్కడే రెండు పెడల్సూ తొక్కితే సి మేజర్. ఆరో మెట్టుకి వెళ్ళి, ఎ పెడల్ తొక్కి, ఇ తీగల్ని ఎఫ్‌కి ఎత్తే మోకాలి లీవర్ నొక్కితే మళ్ళీ జి మేజరే. పదో మెట్టు మీద రెండు పెడల్స్‌తో ఇంకోసారి జి మేజర్. ఒకే కార్డుకి మూడు ఇళ్ళు, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి జారే దారులు. ఈ మూడు ఇళ్ళూ చేతికొస్తే సగం కంట్రీ (అమెరికా గ్రామీణ శైలి) పాటలకి వెనక వాయించవచ్చు. మాస్టారు మొదటి మూడు నెలలూ ఇదొక్కటే చేయించేవారు, పన్నెండు శ్రుతుల్లోనూ.

అయితే ఒకటి గుర్తుంచుకోండి. ఎడమపాదం పెడల్స్ మీద, కుడిపాదం వాల్యూమ్ పెడల్ మీద, రెండు మోకాళ్ళూ లీవర్ల దగ్గర, రెండు చేతులూ పైన. ఈత, సైకిలు, హార్మోనియం మూడూ ఒకేసారి నేర్చుకున్నట్టుంటుంది. ఒళ్ళు కుదరడం ముఖ్యం. నేను పొడుగు, మోకాళ్ళు అడుగున ఉన్న కడ్డీలకి తగిలేవి. గిటార్ నాలుగు కాళ్ళ కిందా ఇటుకలు పెట్టాను. పెడల్స్ కూడా ఆ కాళ్ళకే బిగించి ఉంటాయి కదా, అవీ ఇటుక ఎత్తు లేచాయి, వాటితో పాటు నా పాదం, మోకాలు. మాస్టారు చూసి నవ్వాపుకోలేక గోడ పట్టుకున్నారు. కాళ్ళనీ పెడల్ కడ్డీలనీ కలిపి పొడిగించాలి, ఒక్కటి పొడిగిస్తే లాభం లేదు. కాబట్టి మీరు బాగా పొడుగు గానీ పొట్టి గానీ అయితే, కూర్చుని చూడకుండా పెడల్ స్టీల్ కొనొద్దు.

పెడల్ స్టీల్లో కూడా మూడు దారులున్నాయి. పది తీగల ఒంటి మెడ, దాని మీద ఇ9. రెండు మెడలది, అవతల ఇ9, ఒంటికి దగ్గరగా సి6, సాధారణంగా ఎనిమిది పెడల్స్. ఇక పన్నెండు తీగల యూనివర్సల్, ఒకే మెడ మీద ఇ9నీ బి6నీ కలిపేది. ఇ తీగల్ని అరస్వరం దించే మోకాలి లీవర్ పట్టుకుంటే వాయిద్యం బి6గా మారిపోతుంది.

నేను రెండు మెడలది కొన్నాను. ఎందుకంటే గొప్పగా ఉంది. పాతది, అమ్మినాయన అంతా సర్వీసు చేయించామన్నాడు. ఇంటికొచ్చి తిరగేసి చూస్తే సి6 వైపు రెండు కడ్డీలే లేవు. అవి ఉన్నా తేడా ఉండేది కాదు. నాలుగేళ్ళు ఆ దగ్గరి మెడ నాకు మోచెయ్యి ఆనించుకునే బల్లలా ఉపయోగపడింది, అంతే. పెట్టెతో కలిపి 30 కిలోలు దాటిన ఆ బరువుని మోసినందుకు నడుము ఇప్పటికీ గుర్తు చేస్తుంది. మాస్టారు ఏమీ అనలేదు. ఒకరోజు మాత్రం ఆ రెండో మెడ మీద దుమ్ముని వేలితో గీసి, "ఇక్కడ ఏ పాట ఉందోయ్?" అన్నారు.

కాబట్టి నా మాట: కంట్రీ నాదం మీ చెవిలో ఉంటే పది తీగల ఒంటి మెడ, మూడు పెడల్స్, నాలుగు మోకాలి లీవర్లు. అంతకు తక్కువ లీవర్లున్నవి చవకగా దొరుకుతాయి, ఆ మూడు ఇళ్ళలో ఆరో మెట్టుది పోతుందేమో చూసుకోండి. జాజ్, స్వింగ్ కూడా నిజంగా వాయిస్తామని తెలిసినవాళ్ళకి యూనివర్సల్ మంచి బేరం, ఒక మెడ బరువు తగ్గుతుంది. అయితే పుస్తకాల్లో, వీడియోల్లో ఉన్న పాఠాలు ఎక్కువ భాగం పది తీగలకి రాసినవి. ప్రతిదీ మనసులో తర్జుమా చేసుకోవాలి. రెండు మెడలది, ఒంటి మెడ మీద రెండేళ్ళు గడిపి, సి6 కోసం నిద్ర పట్టనివాళ్ళకి.

పెడల్ లేనిది మెట్టు తక్కువా?

కొత్తవాళ్ళందరికీ ఈ అనుమానం ఉంటుంది. ల్యాప్ స్టీల్ చిన్నపిల్లలది, పెడల్ స్టీల్ పెద్దవాళ్ళది అన్నట్టు మాట్లాడతారు. మాస్టారు ఈ మాట వింటే జెర్రీ బర్డ్ రికార్డు పెట్టేవారు. 1920లో ఒహాయోలో పుట్టిన జెర్రీ బర్డ్, కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో పేరున్న స్టీల్ వాద్యకారుడు. చుట్టూ అందరూ పెడల్స్‌కి మారిపోతున్నా ఆయన మారలేదు. బార్ వంపులతోనే వాయించాడు. 1972లో హవాయి వెళ్ళిపోయి, ఆ వాయిద్యం పుట్టినచోటే అది మరుగున పడుతోందని అక్కడి పిల్లలకి నేర్పాడు. స్టీల్ గిటార్ హాల్ ఆఫ్ ఫేమ్ 1978లో మొదట ఎక్కించుకున్నది ఆయన పేరే. ఆయన చేతిలో ఎక్కువగా ఉన్నదీ బేకలైట్ రికెన్‌బ్యాకరే. మా మాస్టారు బేకలైట్ కొనడానికి కారణం ఆయనే అని నా అనుమానం, అడిగితే మాత్రం "తుడవడం తేలిక" అనేవారు.

రాగం వాయించాలన్న కోరికతో వచ్చేవాళ్ళకి ఈ నాలుగూ సరిపోవు. 1940ల్లో హవాయి కళాకారుడు టౌ మో కుటుంబంతో కలకత్తాలో ఉండి వాయించి, నేర్పాడు. ఆ గాలి నిలిచింది. తర్వాత బ్రిజ్ భూషణ్ కాబ్రా హవాయి గిటార్ మీద హిందుస్తానీ రాగాలు నిలబెట్టారు. విశ్వమోహన్ భట్ మీటకుండానే తోడుగా మోగే తరఫ్ తీగలు చేర్చి మోహన వీణ చేశారు, 1994లో గ్రామీ అందుకున్నారు. ఆ దారిలో వెళ్ళేవాళ్ళకి మాస్టారు తన గిటార్లలో ఏదీ ఇచ్చేవారు కాదు. "నీకు కార్డులు అక్కర్లేదు, శ్రుతి పట్టే చికారీ తీగలు కావాలి. నా దగ్గర టైము దండగ" అని వేరే గురువు దగ్గరికి పంపేవారు. శిష్యుణ్ణి వదులుకోవడం ఆయనకి చిన్నతనం కాదు.

పాతది కొనేటప్పుడు

ల్యాప్ స్టీల్‌లో చెడిపోయేది తక్కువ. నట్ గాడులు, బ్రిడ్జ్ ఒకే ఎత్తులో ఉన్నాయా చూడండి. బార్‌ని తీగల మీద అడ్డంగా పెట్టి వెలుతురుకెదురుగా పట్టండి. ఏ తీగ కిందైనా సందు కనిపిస్తే ఆ తీగ గురగురలాడుతుంది. పన్నెండో గీత మీద వచ్చే స్వరం, అదే తీగ ఖాళీగా మోగించిన దానికి సరిగ్గా రెట్టింపు స్థాయిలో ఉండాలి. లేకపోతే బ్రిడ్జ్ తప్పు చోట ఉంది.

పెడల్ స్టీల్‌కి, శ్రుతిని సూదితో చూపే ట్యూనర్ తీసుకెళ్ళండి. ఒక తీగ ఖాళీగా శ్రుతి చేసి, పెడల్ పదిసార్లు తొక్కి వదలండి. ప్రతిసారీ మొదటి శ్రుతికే రావాలి. పదోసారికి పైనో కిందో ఆగిపోతే మీటల దగ్గర మురికైనా ఉంది, అరుగుదలైనా ఉంది. రెండో పరీక్ష: పెడల్‌తో సంబంధం లేని ఇ తీగని మోగిస్తూ ఎ, బి పెడల్స్ రెండూ తొక్కండి. ఆ లాగుడుకి గిటార్ ఒళ్ళు కాస్త వంగి ఇ తీగ సూది కొంచెం దిగుతుంది. దీన్ని కేబినెట్ డ్రాప్ అంటారు. వెంట్రుకవాసి అన్ని గిటార్లలోనూ ఉంటుంది, చెవికి తెలిసేంత ఉంటే వదిలేయండి. ఆ తర్వాత బోర్లా తిప్పి కడ్డీలు లెక్కపెట్టండి. నేను లెక్కపెట్టలేదు. పాత పుష్‌పుల్ యంత్రాంగం ఉన్నవాటి నాదం గురించి పెద్దవాళ్ళు కళ్ళు మూసుకుని చెప్తారు, నిజమే. కానీ వాటిని సరిచేయడం తెలిసిన మనిషి అందుబాటులో లేకపోతే మొదటి గిటార్‌గా వద్దు.

మూడో తీగ, ఆ సన్నటి జి షార్ప్, మందం 0.011 అంగుళం, అన్నిటికన్నా ముందు తెగేది అదే. అరడజను విడిగా కొని పెట్టుకోండి. దాన్ని ట్యూనర్ చూపించినదానికన్నా వెంట్రుకవాసి దించి శ్రుతి చేస్తే కార్డు తియ్యగా మోగుతుంది. ఎంత దించాలో ట్యూనర్ చెప్పదు, చెవే చెప్పాలి.

బార్ గురించి మాస్టారికి పట్టుదల ఎక్కువ. పది తీగల గిటార్‌కి అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతుల మందమున్నది, ఆరు తీగలకి అంతకన్నా సన్నగా పొట్టిగా ఉన్నది. బరువు ఎక్కువైతే నాదం నిలుస్తుంది, వేగం తగ్గుతుంది. బొటనవేలికి ప్లాస్టిక్ పిక్, మిగతా రెండు వేళ్ళకీ లోహపువి, వేలికి సరిపడా వంచుకోవాలి. వాల్యూమ్ పెడల్ మొదటి ఆరు నెలలూ వద్దనేవారు. "తప్పు వచ్చినప్పుడు కాలితో దాచేయడం అలవాటైపోతుంది." తీగలు మార్చిన తేదీ కాగితం మీద రాసి గిటార్ పెట్టెలో పెట్టకపోతే మాత్రం కోపం వచ్చేది. ఆయనకి నిజంగా కోపం తెప్పించిన విషయాలు రెండో మూడో, అందులో ఇదొకటి.

సర్దడం అయ్యాక అమ్మగారు మా నలుగురినీ పిలిచి, ఎవరికేది కావాలో తీసుకోండి అన్నారు. స్టేజి మీద ఇంకా వాయిస్తున్నవాడు పెడల్ స్టీల్ తీసుకున్నాడు, అది న్యాయం. రెజొనేటర్ ఊళ్ళు తిరిగేవాడికి వెళ్ళింది. బార్ వంపు రాక ఏడ్చిన అమ్మాయి బేకలైట్ వంక కాసేపు చూసి, ఎనిమిది తీగలది చాలన్నది. నా కోసమే అలా అన్నదని నాకు తర్వాత తెలిసింది.

బేకలైట్ పెట్టె మూత లోపల, బట్ట చిరిగినచోట మడిచిన కాగితం ఉంది. తీగలు మార్చిన తేదీలన్నీ వరుసగా ఆయన చేతిరాతలో ఉన్నాయి. చివరి వరుసలో తేదీ పక్కన ఇలా ఉంది: "1, 3, 4, 5, 6 కొత్తవి. 2 పాతదే. బాగా పలుకుతోంది, కదపొద్దు." నేను కదపలేదు. దాని చుట్టూ మిగతావి మూడుసార్లు మార్చాను. పోయిన నెల బార్ వంపు దగ్గర అది తెగింది. ఆ వరుస కింద తేదీ రాసి, "2 కొత్తది" అని రాశాను.